గ్రాఫిక్స్ అన్నీ తగ్గించినా వీఆర్ హెడ్‌సెట్ స్టక్ అవుతోందా? అయితే లోపం గ్రాఫిక్స్‌లో లేదు

మీ సమస్యని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తప్పుంటే సరిచేయండి. మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్. ల్యాప్‌టాప్‌ని రూటర్‌కి లాన్ కేబుల్‌తో కలిపి, ఎయిర్ లింక్‌లో (కంప్యూటర్ గేమ్‌ని వై-ఫై మీద హెడ్‌సెట్‌కి పంపే మెటా పద్ధతి) 90 హెర్ట్జ్ పెట్టి ఆడుతున్నారు. బొమ్మ కొన్ని సెకన్లకోసారి ఆగి దూకుతోంది, అప్పుడప్పుడూ సౌండ్ కూడా కట్ అవుతోంది. పావుగంట దాటాక ఇంకా ఎక్కువవుతోంది. గేమ్‌లో గ్రాఫిక్స్ అన్నీ లో చేసినా తేడా లేదు. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు వాడకం, 60 శాతమే చూపిస్తోంది. ఇంటర్నెట్ ప్లాన్ కూడా 300 ఎంబీపీఎస్‌కి పెంచి చూశారు, లాభం లేదు. ఇక ల్యాప్‌టాప్ మార్చేయాల్సిందేనా అని అడిగారు.

మార్చకండి, కనీసం ఇప్పుడే వద్దు. గ్రాఫిక్స్ అన్నీ తగ్గించినా తేడా లేదన్నారు చూడండి, ఆ ఒక్క మాటలోనే సగం జవాబుంది. కార్డు మీద బరువు సగం దించినా నడక మారలేదంటే, కుంటుతున్నది కార్డు కాదు.

ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకి వీఆర్‌లో సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చే పనిలో ఆరేళ్లుగా ఉన్నాను. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి రెండో నిమిషంలోనే "సార్, కళ్లు తిరుగుతున్నాయ్" అంటే ఎక్కడ తేడా కొట్టిందో వెతకడమే నా ఉద్యోగంలో సగం. ఇన్నాళ్లలో నాకు తేలిందేమిటంటే, ఏది ఆలస్యం అవుతోందో తెలుసుకోకుండా సెట్టింగ్స్ ముట్టుకుంటే ఒక సమస్య రెండవుతుంది. మీకు ఇప్పటికే రెండున్నట్టున్నాయి. కొన్ని సెకన్లకోసారి దూకడం ఒకటి, పావుగంట తర్వాత ముదిరేది ఇంకొకటి. రెండూ కలిసి ఒకటే జబ్బులా కనిపిస్తున్నాయి.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే మానిటర్ మీద ఆడిన అలవాటు ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. 90 హెర్ట్జ్ అంటే సెకనుకి 90 బొమ్మలు, వీటినే ఫ్రేములంటారు; ఒక్కో ఫ్రేమ్‌కి 11.1 మిల్లీసెకన్ల టైమ్. 72 అయితే 13.9. 120 అయితే 8.3 మాత్రమే. ఆ గడువులోపు రెండు కళ్లకీ బొమ్మ తయారవ్వాలి. 11.1కి బదులు 11.6 పట్టిందనుకోండి, అర మిల్లీసెకనే కదా అనిపిస్తుంది. కానీ స్క్రీన్ ఆగదు. బస్టాండుకి అర నిమిషం లేటుగా వెళ్తే మనకి పోయేది అర నిమిషం కాదు కదా, తర్వాతి బస్సు దాకా కూర్చోవాలి. ఇదీ అంతే. ఆ ఫ్రేమ్ పోయి పాత బొమ్మే రెండోసారి కనిపిస్తుంది. సెకనుకి 90లో ఒక్కటి పోయినా సగటు 89 అనే చూపిస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కంటికి మాత్రం ఆ ఒక్కటీ గుచ్చుకుంటుంది. అందుకే వీఆర్‌లో సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) చూసి లాభం లేదు, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టిన టైమ్) చూడాలి. టాస్క్ మేనేజర్ శాతాలూ అంతే. అవి సెకను పొడుగునా తీసిన సగటు, 11 మిల్లీసెకన్ల కథ వాటికి కనపడదు.

ఇంకో లెక్క. క్వెస్ట్ 3లో ఒక్కో కంటికి 2064 × 2208 పిక్సెళ్లు. రెండూ కలిపితే సుమారు 91 లక్షలు. మామూలు 1080పి మానిటర్‌లో ఉండేవి 20.7 లక్షలే. పైగా లెన్స్ వంపుని సరిచేయడానికి స్క్రీన్ కన్నా ఎక్కువ పిక్సెళ్లే గీయాల్సి వస్తుంది. కాబట్టి "మానిటర్ మీద వందకి పైగా ఎఫ్‌పీఎస్ వస్తోంది కదా" అన్న వాదన ఇక్కడ పనికిరాదు. ఇక ఆ 91 లక్షల పిక్సెళ్లని 72 హెర్ట్జ్‌లో కంప్రెస్ చేయకుండా పంపాలంటే సెకనుకి 15 గిగాబిట్లు దాటుతుంది. ఎయిర్ లింక్ పంపేది గరిష్ఠంగా 200 మెగాబిట్లు. అంటే ల్యాప్‌టాప్ ప్రతి బొమ్మనీ నలిపి చిన్నది చేసి, వైరు మీదుగా రూటర్‌కి, అక్కణ్నుంచి గాల్లో హెడ్‌సెట్‌కి పంపాలి. హెడ్‌సెట్ దాన్ని మళ్లీ విప్పాలి. సీపీయూ (ప్రాసెసర్), జీపీయూ, నలిపే ఎన్‌కోడర్, కేబుల్, రూటర్, వై-ఫై, విప్పే డీకోడర్... ఇన్ని చేతులు మారుతోంది. ఏ ఒక్క చేయి తడబడినా మీకు కనిపించేది ఒకటే: బొమ్మ దూకడం.

కాకపోతే అన్ని దూకుళ్లూ ఒకలా ఉండవు. కళ్లతోనే కొంత పసిగట్టొచ్చు. గేమ్‌లో ఒక తలుపు ముందు నిలబడండి. కదలకుండా తలని మాత్రమే ఎడమకీ కుడికీ తిప్పండి. తర్వాత తల తిప్పకుండా, కిటికీలోంచి పక్కకి తొంగి చూసినట్టు ఒళ్లు పక్కకి ఊపండి. ఆ తర్వాత చేతిని మొహం ముందు వేగంగా ఆడించండి.

తల తిప్పితే నున్నగా ఉండి, పక్కకి ఊగినప్పుడు దగ్గరి వస్తువులు రెండుగా కనిపిస్తూ, చేయి నీడలు నీడలుగా కదిలితే ఫ్రేములు సరిపోవట్లేదని అర్థం. కొత్త ఫ్రేమ్ రాకపోతే హెడ్‌సెట్ పాత బొమ్మనే మీ తల తిరిగినంత మేర జరిపి చూపిస్తుంది, టైమ్‌వార్ప్ అంటారు. జాన్ కార్మాక్ లాంటివాళ్లు 2013లోనే ఈ పద్ధతి గురించి రాశారు. తల తిప్పడాన్ని అది బాగా కప్పిపుచ్చుతుంది. చేతి కదలికని మాత్రం కప్పలేదు. అందుకే చేయి దొరికిపోతుంది.

వస్తువుల అంచులు ఎండాకాలం తారురోడ్డు మీద గాలి వణికినట్టు వణుకుతుంటే, సాఫ్ట్‌వేర్ సగం ఫ్రేములని ఊహించి గీస్తోందన్నమాట. మెటా వాళ్ల భాషలో స్పేస్‌వార్ప్, స్టీమ్ వీఆర్‌లో (స్టీమ్ వాళ్ల వీఆర్ సాఫ్ట్‌వేర్) మోషన్ స్మూతింగ్. దాని సంగతి తర్వాత చెప్తాను.

బొమ్మ మొత్తం ఒక్క క్షణం బిగుసుకుపోయి, తల తిప్పిన వైపు అంచున నల్ల పట్టీ కనపడి, సౌండ్ కూడా తెగితే, అది దాదాపుగా నెట్‌వర్కే. బొమ్మ ఆగలేదు కానీ గది మొత్తం జారినట్టో, నేల ఒక్కసారి ఎగిరినట్టో అనిపిస్తే ట్రాకింగ్, అంటే మీరు ఎక్కడున్నారో హెడ్‌సెట్ కెమెరాలు కనిపెట్టే పని, తప్పినట్టు. మీరు "ఆగి దూకుతోంది, అప్పుడప్పుడూ సౌండ్ కూడా కట్ అవుతోంది" అని రాశారు కాబట్టి నా అనుమానం నెట్‌వర్క్ మీదే.

అనుమానం చాలదు, తేల్చుకోవాలి. రెండు పరీక్షలున్నాయి. మొదటిది, ల్యాప్‌టాప్ ఆపేసి హెడ్‌సెట్‌లోనే నడిచే గేమ్ ఏదైనా పావుగంట ఆడండి. అది నున్నగా నడిస్తే హెడ్‌సెట్, దాని కెమెరాలు, మీ గది వెలుతురు అన్నీ బాగానే ఉన్నట్టు. రెండోది, యూఎస్‌బీ కేబుల్‌తో లింక్ పెట్టి, ఎయిర్ లింక్‌లో స్టక్ అయిన అదే గేమ్‌లో అదే చోట పది నిమిషాలు ఉండండి. ఫోన్ చార్జర్‌తో వచ్చే కేబుల్ చాలామటుకు యూఎస్‌బీ 2 వేగంతోనే పనిచేస్తుంది. ఈ పరీక్షకి 5 జీబీపీఎస్ డేటా కేబుల్ కావాలి, ఫ్రెండ్స్ దగ్గర ఉంటే అడిగి తెచ్చుకోండి, ఇప్పుడే కొనకండి. వైరుతో దూకుడు పోతే దొంగ వై-ఫై దారిలో ఉన్నాడు. పోకపోతే ల్యాప్‌టాప్ లోపల ఉన్నాడు.

ఇప్పుడు నెట్‌వర్క్. కాస్త ఎక్కువే రాస్తాను, మన ఇళ్లలో సగం కేసులు ఇక్కడే తేలతాయి.

ఇంటర్నెట్ ప్లాన్‌కీ దీనికీ సంబంధం లేదు. ల్యాప్‌టాప్ నుంచి హెడ్‌సెట్‌కి వెళ్లే వీడియో మీ ఇంటి రూటర్ దాటి బయటికి పోదు. ఫైబర్ తీసేసినా ఇద్దరూ మాట్లాడుకుంటారు. 300 ప్లాన్‌కి కట్టిన డబ్బు సినిమాలకి పనికొస్తుంది, దీనికి కాదు. చూడాల్సింది ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య లింక్ స్పీడ్. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌లోకి వెళ్లి ఈథర్‌నెట్ వివరాలు తెరవండి. లింక్ స్పీడ్ 1000/1000 అని ఉండాలి. 100/100 అని ఉంటే, మిగతా పోస్ట్ చదవడం ఆపి ముందు దాన్ని సరిచేయండి.

నాకు ఇది తగిలినప్పుడు ఒక రోజంతా పోయింది. ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో డెమో. వాల్వ్ తిప్పి గ్యాస్ లీకు ఆపే ట్రైనింగ్. హెడ్‌సెట్ పెట్టుకున్న ఆపరేటర్ వాల్వ్ చక్రం మీద చేయి వేయగానే చక్రం రెండు మూడు గెంతుల్లో తిరుగుతోంది. మా ఆఫీసులో అదే కంప్యూటర్, అదే రూటర్, అదే హెడ్‌సెట్‌తో వెన్నలా నడిచింది. మూడు గంటలు కూర్చుని టెక్స్చర్లు తగ్గించాం, నీడలు తీసేశాం, పైపుల మీద తుప్పు కూడా పీకేశాం. ఏమీ మారలేదు. చివరికి మా కుర్రాడు గోడకున్న నెట్‌వర్క్ సాకెట్ విప్పి చూస్తే, ఎనిమిది తీగలుండాల్సిన చోట నాలుగే కలిపి ఉన్నాయి. నాలుగు తీగల మీద 100 ఎంబీపీఎస్ వస్తుంది, గిగాబిట్ రాదు. మేం పెట్టిన బిట్‌రేట్, అంటే సెకనుకి పంపే వీడియో డేటా, 150 మెగాబిట్లు. మా సొంత కేబుల్‌ని నేల మీద పరిచి కంప్యూటర్‌ని నేరుగా రూటర్‌కి కలిపితే రెండు నిమిషాల్లో పని అయిపోయింది. తుప్పు మళ్లీ పెట్టుకోవడానికి ఇంకో గంట పట్టింది.

బిట్‌రేట్‌ని వందకి తగ్గిస్తే సరిపోదా అంటే, సరిపోదు. 90 హెర్ట్జ్‌లో 100 మెగాబిట్లంటే ఒక్కో ఫ్రేమ్ సుమారు 1.1 మెగాబిట్. 100 ఎంబీపీఎస్ వైరులో అది దాటడానికే 11 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే మొత్తం గడువు వైరే తినేస్తుంది. గిగాబిట్ వైరులో అదే ఫ్రేమ్ 1.1 మిల్లీసెకన్లలో దాటేస్తుంది. ఇంకో మెలిక ఏమిటంటే, ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే పెట్టెల్లో అన్ని పోర్టులూ గిగాబిట్ అయి ఉండాలని లేదు. కొన్నిట్లో ఒకటే గిగాబిట్, మిగతావి 100. కేబుల్ మార్చే ముందు పోర్టు మార్చి చూడండి, దానికి ఖర్చేమీ లేదు.

వైరు సంగతి తేలాక గాలి సంగతి. హెడ్‌సెట్ 5 గిగాహెర్ట్జ్‌లోనే ఉందో లేదో చూడండి. చాలా రూటర్లు 2.4నీ 5నీ ఒకే పేరుతో చూపిస్తాయి, హెడ్‌సెట్ దేనికి అతుక్కుందో మనకి తెలీదు. పేర్లు విడదీసి, 5 పేరుకి హెడ్‌సెట్ ఒక్కదాన్నే కలపండి. ఫోన్లూ టీవీ 2.4లో ఉంటే వాటికేం నష్టం లేదు. వై-ఫై 6 రూటర్ అయితే 80 మెగాహెర్ట్జ్ చానెల్ వెడల్పులో హెడ్‌సెట్ లింక్ 1200 ఎంబీపీఎస్ చూపించాలి, వై-ఫై 5 అయితే 866. రెండూ చాలు. 160 వెడల్పు పెడితే 2400 చూపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ 5 గిగాహెర్ట్జ్‌లో అంత వెడల్పు కావాలంటే రాడార్లతో పంచుకునే చానెళ్లలోకి పోవాలి. రాడార్ సిగ్నల్ తగిలిందనుకుంటే రూటర్ చెప్పాపెట్టకుండా చానెల్ మార్చేస్తుంది, మీకు బొమ్మ పోతుంది. అపార్ట్‌మెంట్‌లో నేనైతే 80 వెడల్పే పెడతాను. చానెల్ నంబర్లలో 36 నుంచి 48 దాకా ఒక గుంపు, 149 నుంచి 161 దాకా ఇంకో గుంపు. ఫోన్‌లో వై-ఫై ఎనలైజర్ యాప్ వేసుకుని పక్కింటివాళ్లు ఏ గుంపులో తక్కువగా ఉన్నారో చూసి అక్కడ ఫిక్స్ చేయండి, ఆటో వద్దు.

అమెరికా వాళ్లు వీడియోల్లో "రూటర్ పక్క గదిలో ఉన్నా ఫర్వాలేదు" అంటారు. వాళ్లకి ఫర్వాలేదు, చాలా ఇళ్లలో గోడలు చెక్క ఫ్రేములూ జిప్సం బోర్డులూ. మనవి ఇటుక, సిమెంటు, మధ్యలో ఇనుప చువ్వల పిల్లర్. ఒక్క గోడ అడ్డొస్తే 5 గిగాహెర్ట్జ్ సగం చచ్చిపోతుంది. రూటర్ ఆడే గదిలోనే ఉండాలి, కంటికి కనపడాలి, నడుము ఎత్తు కన్నా పైన ఉండాలి. ఫైబర్ పెట్టె హాల్లో ఉండి మీరు బెడ్‌రూమ్‌లో ఆడుతుంటే, ఒక మామూలు గిగాబిట్ వై-ఫై 6 రూటర్ కొని బెడ్‌రూమ్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌కి వైరుతో కలపండి. అది ల్యాప్‌టాప్ ధరలో చిన్న ముక్క. అందరికీ చెప్పేది ఇదే, డబ్బు పెట్టాలంటే మొదటి రూపాయి ఇక్కడ పెట్టండి.

"కొన్ని సెకన్లకోసారి" అన్నారు కదా, దాన్ని ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, దూకినప్పుడల్లా మీరు "ఊఁ" అనండి, వాళ్లు ల్యాప్ బటన్ నొక్కుతారు. నవ్వుతారు, ఫర్వాలేదు. ఇరవై అంకెలు వచ్చాక చూడండి. వ్యవధి గడియారం కొట్టినట్టు సమానంగా ఉంటే, గేమ్ కాదు, వెనకాల ఏదో ఒక ప్రోగ్రామ్ టైమర్ పెట్టుకుని లేస్తోంది. ఎక్కువగా దొరికేవి ఇవే: కీబోర్డు లైట్లు వెలిగించే సాఫ్ట్‌వేర్, ఫ్యాన్ స్పీడులు చూపించే యుటిలిటీ, క్లౌడ్ సింక్. లాన్ వైరు పెట్టినా ల్యాప్‌టాప్ వై-ఫై ఆన్‌లోనే ఉంటే, అది చుట్టుపక్కల నెట్‌వర్కుల కోసం అప్పుడప్పుడూ వెతుకుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌నే హాట్‌స్పాట్ చేసి హెడ్‌సెట్‌ని దానికి కలిపేవాళ్లకి ఈ వెతుకులాటే శాపం, ఆ కాసేపూ రేడియో చానెల్ వదిలి వెళ్తుంది. మీ కేసులో వై-ఫై ఆఫ్ చేసి చూడండి, ఒక్క క్లిక్కే కదా.

వ్యవధి సమానంగా లేకుండా, కొత్త గదిలోకి వెళ్లినప్పుడో వెనక్కి తిరిగినప్పుడో దూకితే అది వేరే. మొదటిసారి మాత్రమే దూకి, అదే చోటికి రెండోసారి వెళ్తే నున్నగా ఉంటే షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవుతున్నాయి, కాసేపు ఆడితే తగ్గిపోతుంది. ప్రతిసారీ దూకితే వీడియో మెమరీ నిండిపోయిందేమో చూడాలి. మీ కార్డుది 8 జీబీ. టాస్క్ మేనేజర్‌లో డెడికేటెడ్ మెమరీ అంచుదాకా నిండి షేర్డ్ మెమరీ పెరుగుతూ ఉంటే, బొమ్మలు మామూలు ర్యామ్‌లోకి పొర్లుతున్నాయి. అక్కణ్నుంచి తెచ్చుకోవడం చాలా నెమ్మది. అప్పుడు తగ్గించాల్సింది టెక్స్చర్ క్వాలిటీ, నీడలు కాదు. వెనకాల బ్రౌజర్ మూసేస్తే కూడా కొంత మెమరీ వెనక్కొస్తుంది.

నెట్‌వర్క్‌ని అంకెల్లో చూడాలంటే, గేమ్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ నుంచి హెడ్‌సెట్ ఐపీ అడ్రస్‌కి ఆగకుండా పింగ్ పెట్టండి, అంటే చిన్న సందేశం వెళ్లి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో కొలవండి. గేమ్ నడుస్తుండగా అని ఎందుకన్నానంటే, ఖాళీగా ఉన్న హెడ్‌సెట్ కరెంటు ఆదా కోసం రేడియోని నిద్రపుచ్చుతుంది, అప్పటి అంకెలు నమ్మడానికి లేదు. 3, 4, 3, 5 అని పోతూ ఉన్నట్టుండి 80, 120 అని ఎగిరి, సరిగ్గా అదే క్షణంలో బొమ్మ దూకితే ఇక వాదన అక్కర్లేదు. ఎయిర్ లింక్ పనే చేసే వర్చువల్ డెస్క్‌టాప్ యాప్ కొనుక్కున్నవాళ్లకి ఇంకా సుఖం. దాని పెర్ఫార్మెన్స్ ఓవర్‌లేలో గేమ్, ఎన్‌కోడింగ్, నెట్‌వర్క్, డీకోడింగ్ నాలుగూ మిల్లీసెకన్లలో విడివిడిగా కనిపిస్తాయి. ఎవరు లేటో పేరుతో సహా చెప్తుంది. నేను ఆ యాప్ మనిషిని, దాచడం ఎందుకు. అలాగని ఎయిర్ లింక్ పనికిరాదని కాదు.

బిట్‌రేట్ పెంచితే బొమ్మ మెరుగవుతుందని అందరూ 200కి తోసేస్తారు. పెంచిన కొద్దీ హెడ్‌సెట్ విప్పుకోవాల్సింది కూడా పెరుగుతుంది, డీకోడింగ్ టైమ్ పెరుగుతుంది. ముందు 100 దగ్గర ఫిక్స్ చేసి దూకుడు ఆగిందా చూడండి, ఆ తర్వాత ఇరవై ఇరవై చొప్పున ఎక్కండి. క్వెస్ట్ 3, ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ రెండూ ఉన్నాయి కాబట్టి వర్చువల్ డెస్క్‌టాప్‌లో ఏవీ1 కోడెక్ (వీడియోని నలిపే పద్ధతి) మీకు పనిచేస్తుంది, తక్కువ బిట్‌రేట్‌లోనే బొమ్మ బాగుంటుంది.

సరే, పావుగంట తర్వాత ముదిరే రెండో జబ్బు. అది దాదాపు ఖాయంగా వేడి. మా మేనల్లుడు మే నెలలో ఇదే కంప్లయింట్‌తో ఫోన్ చేశాడు. "మామయ్యా, మొదట సూపర్‌గా ఉంటోంది, తర్వాత చచ్చిపోతోంది" అని. వీడియో కాల్‌లో చూపించమంటే, ల్యాప్‌టాప్ పరుపు మీద ఉంది. కింద గాలి పీల్చే రంధ్రాలు దుప్పట్లో కూరుకుపోయి ఉన్నాయి, గదిలో ఏసీ లేదు. టేబుల్ మీద పెట్టి, వెనక భాగం కింద రెండు స్టీలు గ్లాసులు బోర్లించమన్నాను. అంతే, గంట ఆడాడు. ప్రాసెసర్ 95 నుంచి 100 డిగ్రీలు తాకితే తనని తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో సీపీయూ, జీపీయూ రెండూ చాలాసార్లు ఒకే రాగి గొట్టాల మీద చల్లబడతాయి, ఒకటి కాగితే రెండోదీ కాగుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి, ఆట మొదట్లో ఒకసారి, ఇరవై నిమిషాల తర్వాత ఒకసారి, సీపీయూ క్లాక్ (అది నడిచే స్పీడు) ఎంతుందో రాసుకోండి. రెండో అంకె బాగా పడిపోయి ఉంటే కారణం దొరికినట్టే. తర్వాత ఆ ప్రోగ్రామ్ మూసేయండి, ఇందాక చెప్పిన టైమర్ రకాల్లో అదీ ఒకటి.

ల్యాప్‌టాప్‌తో వచ్చిన పెద్ద చార్జరే వాడండి. టైప్-సి చార్జర్ మీద కూడా బ్యాటరీ ఎక్కుతుంది కానీ కార్డుకి పూర్తి కరెంటు అందదు. కంపెనీ యాప్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టండి. ఇంకోటి, ఆ 16 జీబీ ఒకే స్టిక్కా, రెండు ఎనిమిదులా? ఒకే స్టిక్ అయితే మెమరీ సగం వెడల్పు దారిలో నడుస్తోంది. సీపీయూ మీద ఆధారపడే గేముల్లో దూకుళ్లకి ఇదొక పెద్ద కారణం. ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో స్టిక్ వేయడం చౌకలో అయ్యే మంచి పని.

సీపీయూ మాట వచ్చింది కాబట్టి, వైరు మీద కూడా దూకుడు పోకపోతే చేయాల్సిన పరీక్ష ఇది. రిజల్యూషన్ సగానికి దించండి, ఇంకేదీ ముట్టుకోకండి. దూకుడు తగ్గితే జీపీయూ. ఏమీ మారకపోతే సీపీయూ. ఎందుకంటే సీపీయూకి పిక్సెళ్ల లెక్క పట్టదు, ఎన్ని వస్తువులున్నాయో, ఎన్ని కదులుతున్నాయో అదే దాని బరువు. స్టీమ్ వీఆర్‌లోని ఫ్రేమ్ టైమింగ్ గ్రాఫ్, లేదా స్టీమ్‌లో దొరికే ఎఫ్‌పీఎస్‌వీఆర్, ఈ రెండిటి టైమ్‌నీ విడిగా చూపిస్తాయి. సీపీయూ అయితే దూరపు దృశ్యాలు, ట్రాఫిక్, జనం, అద్దాల్లో ప్రతిబింబాలు తగ్గించండి. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పెద్ద ఎయిర్‌పోర్టు మీదికి దిగుతుంటే, వీఆర్‌చాట్‌లో ముప్పై మంది ఉన్న గదిలోకి వెళ్తే వచ్చే దూకుళ్లు ఇవే. వీఆర్‌చాట్‌లో అయితే బరువైన అవతార్లని దాచే సెట్టింగ్ ఉంది, వాడండి.

రిజల్యూషన్ అనేది మూడు చోట్ల ఉంటుందని మర్చిపోవద్దు. మెటా లింక్ యాప్‌లో ఒక స్లైడర్, స్టీమ్ వీఆర్‌లో ఒక శాతం, గేమ్ లోపల ఇంకో స్కేల్. మూడూ ఒకదాన్నొకటి హెచ్చవేసుకుంటాయి. మొదటి దాంట్లో 1.5 రెట్లు, రెండో దాంట్లో 150 శాతం ఎప్పుడో పెట్టి మర్చిపోయి, గేమ్‌లో లో పెట్టి ఏడుస్తున్నవాళ్లని చాలామందిని చూశాను. ఒక్క చోటే మార్చండి, మిగతా రెండూ 1.0, 100 దగ్గర వదిలేయండి.

ఇప్పుడు స్పేస్‌వార్ప్. కంప్యూటర్ 90 అందుకోలేకపోతే అది గేమ్‌ని 45కి కట్టేసి, మధ్య ఫ్రేముల్ని తనే ఊహిస్తుంది. విమానం, కారు ఆటల్లో నాకు ఫర్వాలేదనిపిస్తుంది, ఎదురుగా ఉన్న డాష్‌బోర్డు పెద్దగా కదలదు కాబట్టి. చేతులతో పనిచేసే గేముల్లో భరించలేను, వేళ్ల చుట్టూ గాలి కరిగినట్టుంటుంది. ఇంకా చిరాకైన సంగతి, ఫ్రేమ్ టైమ్ సరిగ్గా గీత మీద ఉంటే అది 45కీ 90కీ మధ్య ఆన్ ఆఫ్ అవుతూ ఉంటుంది. ఆ మారే క్షణమే మీకు దూకుడులా తగులుతుంది. కీబోర్డు మీద కంట్రోల్ పట్టుకుని నంబర్ ప్యాడ్‌లో 1 నొక్కితే స్పేస్‌వార్ప్ పోతుంది, 4 నొక్కితే మళ్లీ ఆటోలోకి వస్తుంది. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ అయితే ఓక్యులస్ డీబగ్ టూల్‌లో ఇదే ఆప్షన్ ఉంది.

మీ కేసులో ఇప్పటికి 90 వదిలేసి 72 పెట్టండి. చిన్నతనం అనుకోకండి. గడువు 11.1 నుంచి 13.9కి, అంటే పావు వంతు పెరుగుతుంది. తడబడే 90 కన్నా నిలకడైన 72లో కళ్లు చాలా తక్కువ తిరుగుతాయి. మా ట్రైనింగ్ సెట్లన్నీ 72 మీదే నడుస్తాయి, ఇంతవరకు ఎవరూ అడగలేదు ఇదేంటని.

ట్రాకింగ్ గురించి మీకు అవసరం పడకపోవచ్చు, అయినా ఒక ముక్క. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు ఆ లయని బట్టి మినుకుతాయి, మనకి కనపడదు, హెడ్‌సెట్ కెమెరాలకి కనపడుతుంది. గది జారినట్టు అనిపించేవాళ్లు హెడ్‌సెట్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ 50కి పెట్టి, లైటు మార్చి చూడండి. పెద్ద అద్దం, బీరువా అద్దం ఉంటే దుప్పటి కప్పండి. కిటికీ ఎండ నేరుగా లెన్సుల మీద పడకుండా చూసుకోండి, అది స్క్రీన్‌నే కాల్చేస్తుంది.

రిజిస్ట్రీలో ఇది మార్చండి, ఈ బూస్టర్ వేయండి అనే వీడియోల జోలికి పోవద్దు. డ్రైవర్ అప్‌డేట్ చేసిన మర్నాటి నుంచే సమస్య మొదలైతే పాతదానికి వెనక్కి వెళ్లండి, లేకపోతే డ్రైవర్‌ని వదిలేయండి. ఒకసారికి ఒక్కటే మార్చి, అదే గేమ్‌లో అదే చోట చూసి, కాగితం మీద రాసుకోండి. కళ్లు తిరగడం మొదలైతే మాత్రం వెంటనే తీసేసి ఆ రోజుకి ఆపేయండి. ఓర్చుకుంటే అలవాటవుతుందని ఇంకో అరగంట లాగిన మా ట్రైనీ ఒకతను మధ్యాహ్నం భోజనం కూడా చేయలేకపోయాడు.

ఇవాళ రాత్రికి మూడు అంకెలు చూసి రాయండి: ఈథర్‌నెట్ లింక్ స్పీడ్, ఆట నడుస్తుండగా హెడ్‌సెట్‌కి పింగ్‌లో అతి పెద్ద అంకె, ఇరవై నిమిషాల తర్వాత సీపీయూ క్లాక్. మొదటిది 100 అని వచ్చి, పోర్టు మార్చినా అంతే ఉంటే, మిగతా రెండూ చూడకుండానే కేబుల్ కోసం బయల్దేరండి. కొనే ముందు అది కనీసం క్యాట్ 5ఈ అని, ఎనిమిది తీగలూ ఉన్నాయని ప్లగ్ వెలుతురులో పట్టి చూసుకోండి, పారదర్శకంగా ఉంటుంది, రంగులు లెక్కపెట్టొచ్చు.